రంగు కలిపే వేళకు చాయ్

హన్మకొండలో ఓ హోటల్ హాలు. నా మెడలో పట్టీ, పట్టీకి కార్డు, కార్డు మీద నా పేరు, దాని కింద ‘మెంటార్’. శుక్రవారం పొద్దున మామూలు సీనియర్‌గా లోపలికి పోయినవాణ్ని శనివారం సాయంత్రానికి గురువునై బయటికొచ్చాను. మధ్యలో రెండు బిర్యానీలు.

ఏం నేర్పారంటారా? వినడం నేర్పారు. చెప్పేవాడి కళ్లలోకి చూడాలట, మధ్యమధ్య తలూపాలట. జంటలు కట్టించి ప్రాక్టీసు కూడా చేయించారు. పక్కనున్నాయన ఇంటి లోను బాధ చెప్పుకున్నాడు, నేను తలూపాను. నా వంతు రాగానే టీ బ్రేక్ అన్నారు.

తర్వాత మెంటార్ అనే మాట పుట్టుక. హోమర్ ‘ఒడిస్సీ’లో ఒడిస్సియస్ యుద్ధానికి పోతూ ఇంటిని అప్పగించిపోయిన పెద్దాయన పేరట. ట్రైనర్ అక్కడితో ఆపేశాడు. మిగతాది నేను చెప్తాను. పరాయివాళ్లు ఆ ఇంట్లో చేరి తిని కూర్చుంటే పెద్దాయన ఆపగలిగింది లేదు. ఒడిస్సియస్ కొడుక్కి దారి చూపింది ఆ పెద్దాయన వేషం వేసుకొచ్చిన అథీనా దేవత. పేరు మెంటార్‌ది, పని ఇంకొకరిది. మా ఆఫీసులో ఈ సంప్రదాయం చెక్కుచెదరలేదు.

మనదేం పని నేర్పడం తెలియని ఊరు కాదు. 1934లో పెట్టి 2002లో మూసేసిన ఆజంజాహి మిల్లులో తెగిన పోగు అతకడం ఎవరూ స్లైడులు చూసి నేర్చుకోలేదు. 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న షత్రంజీలు నేసే కొత్తవాడకు పోయి ఓ గంట కూర్చోండి. తెగిన పోగుకు కొత్త చేయి ముడి వేస్తుంది. ముడి లావైంది. పెద్దాయన ఏమీ అనడు, విప్పేస్తాడు. మళ్లీ వేయమంటాడు. మూడోసారీ విప్పుతాడు. తాను మాత్రం వేసిపెట్టడు. వేస్తే అర నిమిషం పని. ఆ అర నిమిషం పని కోసం పావుగంట పోగొట్టుకోవడమే మొత్తం విద్య. మా కోర్సులో దానికి స్లైడు లేదు.

అలాగని పాత ఉస్తాదులందరికీ దండలు వేయను. రంగు పాళ్లు కలిపే వేళకే శిష్యుడి చేతిలో చిల్లర పెట్టి చాయ్ తెమ్మనేవాళ్లూ ఉండేవారు. వాడు తిరిగొచ్చేసరికి రంగు తయారు, లెక్క మాత్రం ఉస్తాదు కడుపులో. అప్రెంటిస్‌కు పని నేర్పడం యజమాని బాధ్యతని 1961 చట్టంలో రాశారు. చాయ్‌కి పంపకూడదని రాయడం మరిచిపోయారు.

సోమవారం నాకో శిష్యురాలిని అప్పగించారు. నర్సంపేట నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి.

“సార్, నెలాఖరు రిపోర్టు ఎట్ల తీస్తరు? ఒక్కసారి చూపెట్టరా?”

కళ్లలోకి చూశాను. తలూపాను. “మంచి ప్రశ్న. నీకేమనిపిస్తుంది?” అన్నాను. సర్టిఫికెట్ ఊరికే ఇస్తారా?

“నాకు తెల్వదు సార్. గందుకే అడుగుతున్న.”

ఆ రిపోర్టు తీయడం ఆఫీసులో నాకొక్కడికే వచ్చు. పన్నెండేళ్లుగా నన్ను ఈ కుర్చీలోంచి ఎవరూ కదపకపోవడానికి వేరే కారణమేదీ నాకు తోచదు. “ముందు నువ్వే ప్రయత్నం చెయ్యి తల్లీ, అప్పుడే వస్తది” అన్నాను. నెలాఖరు రానే వచ్చింది. ఆమె కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చోగానే నాకో సంగతి గుర్తొచ్చింది. “కింద స్టోర్‌లో పేపర్ కట్ట ఉంటది, జర తెస్తవా?”

తెచ్చేసరికి రిపోర్టు తయారు.

తర్వాత మెంటార్ ఎలా ఉన్నారో చెప్పమని ఆమెకు ఫారం ఇచ్చారు. ఐదుకు ఐదు వేసింది. ఫారం మీద ఆమె పేరు ఉంటుంది, ఆమె అప్రైజల్ నా చేతిలో ఉంటుంది. మొన్న నాకు ఉత్తమ మెంటార్ షీల్డు ఇచ్చారు. రిపోర్టు ఇప్పటికీ నేనే తీస్తున్నాను.