ఇంటిగుట్టు, ఫ్లాట్ నంబర్ 304

1998లో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన ఫొటో పేపర్లో చూసి, తెనాలిలో కూర్చునే ‘మన బతుకు అక్కడే’ అని తీర్మానించుకున్నవాణ్ణి నేను. అలాగే వచ్చాను. ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో నా పని, ఉద్యోగులకి పాస్‌వర్డ్ భయం పెట్టడం. పాస్‌వర్డ్ ఎలా ఉండాలి, ఎవరికి చెప్పకూడదు, ఎక్కడ రాయకూడదు అని మూడు నెలలకోసారి స్లైడ్లేసి మరీ బెదిరిస్తాను. నా మాటంటే అక్కడ కాస్త గురి.

అలాంటి నా ఇంట్లో, నల్లగండ్లలో, ఆరేళ్ళ పాటు వైఫై పాస్‌వర్డ్ ఏమిటయ్యా అంటే, నా సెల్ నంబర్.

నేను పెట్టలేదు. ఫైబర్ లాగడానికొచ్చిన కుర్రాడు నిచ్చెన మీదనుంచే, “మీ నంబరే పెట్టేస్తున్నా సార్, మర్చిపోరు” అన్నాడు. నెట్‌వర్క్ పేరు మా ఫ్లాట్ నంబర్. తర్వాత మార్చుకుందాంలే అనుకున్నాను. ఆ ‘తర్వాత’ మొన్నటిదాకా రాలేదు.

ఇందులో అసలు సొగసు మా సెల్లార్‌లో ఉంది. అడ్డంగా పెట్టిన కారు తీయించడానికి వీలుగా అసోసియేషన్ వాళ్ళు ప్రతి కారు అద్దానికీ స్టిక్కర్ అంటించారు. పైన ఫ్లాట్ నంబర్, కింద సెల్ నంబర్. అంటే పైన నెట్‌వర్క్ పేరు, కింద పాస్‌వర్డ్. ఆ అద్దంతోనే రోజూ ఆఫీసుకెళ్ళాను. లింగంపల్లి అండర్‌పాస్‌లో నీళ్ళు నిలిచిన సాయంత్రాల్లో గంటలకొద్దీ ట్రాఫిక్‌లో నిలబడి, ముందూ వెనకా వాళ్ళందరికీ ప్రదర్శించాను.

స్టిక్కర్ లేకపోయినా ఒరిగేదేమీ లేదు. 2021లో టెల్ అవీవ్‌లో ఒక సెక్యూరిటీ పరిశోధకుడు ఊళ్ళో తిరుగుతూ ఐదు వేల వైఫైల సంకేతాలు పట్టి, ఇంటికెళ్ళి విప్పుకుంటే డెబ్భై శాతం తలుపులు తెరుచుకున్నాయి. చాలామంది పెట్టుకున్నది సెల్ నంబరేనట! మన నంబర్లు ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిదితో మొదలవుతాయి కాబట్టి మొత్తం నాలుగు వందల కోట్లు. వినడానికి ఘనంగానే ఉంటుంది. గేములాడే కుర్రాళ్ళ కంప్యూటర్లో ఉండే గ్రాఫిక్స్ కార్డు సెకనుకి లక్షల్లో ప్రయత్నిస్తుంది, గంటల్లో తేల్చేస్తుంది. ఈ కథ నా పదకొండో స్లైడ్. చెప్పేటప్పుడు “సెల్ నంబర్ పెట్టుకున్నవాళ్ళు చేతులెత్తండి” అని అడిగి, ఎత్తినవాళ్ళని చూసి జాలిగా నవ్వేవాణ్ణి కూడా. నా చెయ్యి మాత్రం జేబులో ఉండేది.

మొన్నొక రోజు ఇంటినుంచి పనిచేస్తుంటే నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందన్నారు. రౌటర్ పేజీ తెరిచాను. (దాని పాస్‌వర్డ్ కూడా డబ్బా అడుగున అచ్చేసినదే, ఇది వేరే సిగ్గు.) ఇరవై మూడు పరికరాలు కనిపించాయి. ఇంట్లో ఉన్నది నలుగురం. ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీ, ఏసీ, గీజర్ ప్లగ్గు అన్నీ కలిపినా పదిహేడు. మిగతా ఆరుగురు చుట్టాలూ ఎవరు? అందులో ఒకరి పేరు ‘బన్నీ ఫ్యాన్’.

నాకు నవీ ముంబై గుర్తొచ్చి చెమటలు పట్టాయి. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ళకి ముందు వచ్చిన బెదిరింపు మెయిల్ ఆనవాళ్ళు పట్టుకుని పోలీసులు వెళితే, అక్కడ అద్దెకుంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై దగ్గర తేలింది. ఎవరో వాడుకుని పోయారు, తలుపు కొట్టించుకున్నది మాత్రం ఆయన. సైబరాబాద్ కమిషనరేట్ మీదుగానే రోజూ ఆఫీసుకెళ్తాను కానీ, లోపలికెళ్ళి ‘బన్నీ ఫ్యాన్’ ఎవరో నాకు తెలియదని వాంగ్మూలం ఇచ్చే ధైర్యం నాకు లేదు.

“అమ్మా, మన వైఫై ఎవరికైనా చెప్పావా?”

“నేనెందుకు చెప్తానురా? వాచ్‌మన్ కూతురికి చెప్పానంతే. కరోనాలో టీవీ పాఠాలొచ్చినప్పుడు వాళ్ళకి టీవీ లేదు. మెట్ల కింద కూర్చుని ఫోన్లో చూసుకునేది, పాపం.”

2020 సెప్టెంబరు ఒకటిన తెలంగాణలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఆ పిల్ల అప్పుడు ఆరో తరగతి, ఇప్పుడు ఇంటర్. ఆమె దగ్గర్నుంచి తమ్ముడికి, తమ్ముడి దగ్గర్నుంచి ఇస్త్రీ బండాయనకి, ఆయన దగ్గర్నుంచి ఇంకెవరికో వెళ్ళిందట. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు టీచరు. చదువుకుంటానన్న పిల్లకి కాదనమని చెప్పే స్లైడు నా దగ్గర లేదు.

అయినా ఆ ఆదివారం కొంగు బిగించాను. మా ఇంట్లో కొంగు నాది కాదు గానీ, బిగించింది మాత్రం నేనే. ముందు, బటన్ నొక్కితే కలిపేసే ఆ డబ్ల్యూపీఎస్ తీసేశాను. దాని ఎనిమిదంకెల పిన్‌ని రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి పదకొండు వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. తర్వాత వైఫై తాళాన్ని కొత్త రకం డబ్ల్యూపీఏ3కి మార్చాను. నెట్‌వర్క్‌కి కొత్త పేరు పెట్టాను. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? మా పరికరాల చిరునామాలన్నీ పాత జాబితాలోంచి ఒక్కొక్కటే ఎక్కించి, ఇవి తప్ప ఇంకేవీ రాకూడదని ఆంక్ష పెట్టి, సేవ్ నొక్కాను.

ఇప్పటి ఫోన్లు మన గుట్టు కాపాడటానికి ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో దొంగ చిరునామా చూపిస్తాయని నాకు తెలుసు. పందొమ్మిదో స్లైడ్. కొత్త పేరు పెట్టాను కనక మా ఫోన్లన్నీ కొత్త ముఖాలతో వచ్చాయి, రౌటర్ అందర్నీ గుమ్మంలోనే ఆపేసింది, నాతో సహా. పాత ఏసీకి డబ్ల్యూపీఏ3 అర్థమే కాలేదు. గీజరు యాప్‌లో కనపడలేదు.

“కార్తీకమాసం ఇంకా రాలేదురా, ఇప్పట్నుంచే చన్నీళ్ళా?” అంది అమ్మ బాత్‌రూమ్‌లోంచి.

“ఏవండీ, రేపు తొమ్మిదింటికి నాకు కాల్ ఉంది,” అంది మా ఆవిడ. అంతే అంది. అది చాలు.

చివరికి రౌటర్ వెనక చిల్లులో పిన్నీసు గుచ్చి, మొత్తం తుడిచేసి, బుద్ధిగా మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పాత ఏసీ, గీజర్ లాంటివాటికి అతిథుల నెట్‌వర్క్ వేరే ఇచ్చాను. వాచ్‌మన్ కూతురికీ అందులోనే చోటు. మాకు అసలుది. దాని పాస్‌వర్డ్ ఒకదానితో ఒకటి పొత్తులేని నాలుగు మాటలు, చివర ఒక సున్నా. గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ఎవరికీ చెప్పొద్దని, ఎక్కడా అంటించొద్దని అందరి చేతా ప్రమాణం చేయించాను. ఫ్రిజ్ తలుపు మీద కూడా వెతికాను. ఏమీ లేదు.

బుధవారం ఇంటినుంచే క్లాసు. విషయం: ‘ఇంట్లో వైఫై భద్రత’. నూట నలభై మంది చేరారు. 2015లో ఫ్రాన్సులో టీవీ5 మోండ్ అనే ఛానల్ హ్యాకింగ్‌కి గురైందని, ఆ మర్నాడే దాని ఉద్యోగి ఒకాయన ఇంటర్వ్యూ ఇస్తుంటే వెనకాల అంటించిన కాగితాల మీద పాస్‌వర్డ్‌లు దేశమంతటికీ కనిపించాయని చెప్పాను. ఎప్పటిలాగే నవ్వులు బాగానే వచ్చాయి. ప్రశ్నలుంటే అడగండన్నాను.

కొత్తగా చేరిన అమ్మాయి చెయ్యెత్తింది.

“సార్, మీ వెనక తెలుగు క్యాలెండర్లో, ఏకాదశి గడిలో స్కెచ్ పెన్నుతో రాసి ఉంది కదా... అందులో చివరిది ఓ నా సార్, సున్నానా?”

నేను వెనక్కి తిరిగేలోపే వంటింట్లోంచి మా అమ్మ, ఆఖరి బెంచీకి వినపడే గొంతుతో అంది:

“సున్నా తల్లీ, సున్నా!”