పర్చూరు టేపు ఆత్మకథ

నా పొడవు 60 అంగుళాలు. తిరగేస్తే 150 దాకా సెంటీమీటర్ల గుర్తులు, కానీ ఆ వైపుతో ఈ చుట్టుపక్కల ఎవరికీ పనిలేదు. నాకు ముందు ఈ షాపులో ఉన్న గుడ్డ టేపు సాగి సాగి ఉన్న కొలతను తక్కువ చేసి చూపేదట. నాలో ఫైబర్‌గ్లాస్ దారాలున్నాయి, సాగను. అందుకే చాలామందికి నేనంటే గిట్టదు.

పర్చూరులో ఒక లేడీస్ టైలరమ్మ మెడలో ఉంటాను. నేను వచ్చినప్పుడు ఇది ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లా మారినా బేరం మారలేదు. పత్తి తీతల కూలి చేతికొస్తే సంక్రాంతి జాకెట్లు, మిరపకోతల కూలి వస్తే ఉగాది జాకెట్లు.

కొలతకు నిలబడగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. నేను 34 చూపిస్తాను. ఇంటికెళ్ళి అన్నం తిని కూర్చుంటే అదే నడుము 36. తిట్లు మాత్రం టైలరమ్మకు.

అసలు సంగతి చెప్పనా? నాకు తెలిసింది చుట్టుకొలత ఒక్కటే. ఇద్దరికీ ఛాతీ 38 ఉంటుంది. ఒకరికి ఆ 38 ముందువైపు, ఇంకొకరికి వీపు వెడల్పులో. ఇద్దరికీ ఒకే కటింగు చేస్తే ఒకరికి ముందుభాగం పైకి లేస్తుంది, మరొకరికి చంకలో ముడతలు పడతాయి. అందుకే టైలరమ్మ నన్ను చుట్టి అంకె రాసుకున్నాక, మనిషిని పక్కకు తిప్పి ఒకసారి చూస్తుంది. బరువైన ఛాతీకి క్రాస్ కటింగో ప్రిన్సెస్ కటింగో అప్పుడే తేలుస్తుంది. ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ కాస్త సాగి ఒంటి వంపుకు సర్దుకుంటుంది, నిలువు గుడ్డ ఆ పని చెయ్యదు.

పత్రికల్లో ఆపిల్ ఒళ్ళు, పియర్ ఒళ్ళు అంటూ ఆడవాళ్ళను పళ్ళబుట్టలో వేస్తుంటారు. పియర్ పండు మా ఊళ్ళో చూసినవాళ్ళెందరు? ఇక్కడ ఒళ్ళు పనిని బట్టి తయారవుతుంది. చీర మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని రోజంతా మిరపకాయలు కోసే మనిషికి కుడి దండ ఎడమదానికన్నా లావుంటే వింతేముంది? చెయ్యి చాచినప్పుడు చంక దగ్గర పట్టెయ్యకపోవడమే ఆమెకు అందం. దానికి టైలరమ్మ రెండు దండలూ విడివిడిగా కొలుస్తుంది.

మొన్న పెళ్ళికూతురొకతె వచ్చింది.

"అక్కా, నాకు బోట్ నెక్కే కావాలి."

"నీ భుజాలకు వద్దమ్మా, ఇంకా వెడల్పు కనిపిస్తాయి. వీ నెక్ పెడతా, కింద ఘేరు పెంచుతా."

ఆ పిల్ల మూతి ముడిచింది. ట్రయల్ రోజు అద్దం ముందునుంచి కదల్లేదు.

మెడ కన్నా ముందు తేల్చుకోవలసింది గుడ్డ. గుంటమగ్గం మీద నేసిన మంగళగిరి కాటన్ కొంచెం బిగువుగా నిలబడుతుంది. ఒంటికి అతుక్కోదు కనుక పొట్ట ఉన్నవాళ్ళకు మేలు, బక్కపల్చటివాళ్ళకు నిండుదనం. జార్జెట్, క్రేప్ జారిపోతూ లోపలి ఒంపులన్నీ పట్టిచూపిస్తాయి. తుంటి వెడల్పుగా ఉన్నవాళ్ళ టాపు సరిగ్గా తుంటి దగ్గరే ఆగితే చూపంతా అక్కడే నిలుస్తుంది. మోకాలి దాకా దించితే ఆ గొడవ ఉండదు. పొట్టిగా ఉన్నవాళ్ళకు జానెడు అంచు చీర ఎత్తును రెండు ముక్కలు చేస్తుంది. మంగళగిరి నిజాం అంచులాంటి సన్నటి జరీ అంచు, సాదా ఒడలు ఉన్న చీర వాళ్ళకు నప్పుతుంది. లావుగా ఉన్నవాళ్ళు వదులు సంచిలాంటిది తొడుక్కుంటే సన్నగా కనిపిస్తారన్నది మాత్రం శుద్ధ భ్రమ. భుజం కుట్టు భుజం మీదే కూర్చోవాలి, లూజు దాని కింద ఇచ్చుకోవాలి.

రెడీమేడ్ సైజులు మనవాళ్ళకు ఎందుకు కుదరవంటే, వాటిలో చాలావాటికి మూలం పరాయిదేశపు కొలతలు. మన ఒళ్ళకు మన సైజుల పట్టిక కావాలని నిఫ్ట్ అనే ఫ్యాషన్ విద్యాసంస్థ హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25 వేలమందికి పైగా త్రీడీ స్కానర్లతో కొలిచే సర్వే తలపెట్టింది. ఆ యంత్రం నాలా ఒక్క చుట్టే కాదు, ఒంటి తీరంతా పడుతుంది. నాకేం ఈర్ష్య లేదు. కాకపోతే పర్చూరులో ఇంకా నేనే దిక్కు.

కనుక ఈసారి కుట్టడానికి ఇచ్చేటప్పుడు కాటన్ గుడ్డను ముందే నీళ్ళలో తడిపి ఆరబెట్టండి, కుట్టాక కుంచించుకుపోదు. బాగా కుదిరిన ఆది జాకెట్టు వెంట తీసుకెళ్ళండి. పక్క కుట్లలో అంగుళం గుడ్డ లోపల వదలమని అడగండి. నేను నడుం చుట్టూ తిరిగేటప్పుడు మాత్రం దయచేసి ఊపిరి మామూలుగా పీల్చండి.