పక్కన కూర్చునే మనిషేదీ?

మా కరీంనగర్ వైపు ఇప్పుడు ఎవరింట్లో కాన్పయిందని తెలిసినా, పాపా బాబా అని అడిగిన నోటితోనే "నార్మలా, ఆపరేషనా?" అని అడుగుతారు. జవాబు ముందే తెలుసు, మాట వరసకు అడుగుతారంతే. తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ప్రైవేటు ఆసుపత్రుల్లో 80 దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం మొత్తమ్మీద 21. నూటికి 10, 15కు మించి అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే అంది. దేశంలో ఎక్కడా లేనిది మా తెలంగాణ ఆడవాళ్లకే కాన్పులు ఇంత కష్టమైపోయాయంటే నాకు నమ్మబుద్ధి కాదు.

ముసలామెకు ఎప్పుడూ ఇదే సణుగుడని నా కోడలు అంటుంది. సణుగుతాను. డెబ్బై దాటాక ఆ మాత్రం హక్కు కూడా లేకపోతే ఎలా?

మా రోజుల్లో, అంటే 1972లో, తొలి చూలుకు నన్ను పుట్టింటికి పంపారు. నెలలు నిండకముందే మా అమ్మ మంత్రసాని అవ్వను పిలిపించింది. ఆమె అరచేత్తో కడుపంతా తడిమి, బిడ్డ తల కిందికి తిరిగిందో లేదో చూసి, "మంచిగున్నది, ఇంక పక్షం దినాలు పడుతది" అని వెళ్లింది. తరవాత కూడా ఆ దారిన పోయినప్పుడల్లా వచ్చి చూసేది. అందుకే నొప్పులు మొదలయ్యేసరికి ఆమె నాకు కొత్త మనిషి కాదు.

ఆ రాత్రి నన్ను మంచం మీద పడుకోనివ్వలేదు. "నడువు బిడ్డా, నడిస్తెనే కిందికి దిగుతది" అంటూ వాకిట్లో అటూ ఇటూ తిప్పింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె భుజాల మీద చేతులు వేసి నిలబడిపోయేదాన్ని. ఆమె గోరువెచ్చని ఆముదం రాసి నడుము కింద బొటనవేళ్లతో గట్టిగా నొక్కేది. నొప్పికీ నొప్పికీ మధ్య రెండు గుక్కల జావ, కాస్త వాము కషాయం. తెల్లారగట్ల దూలానికి కట్టిన చీర పట్టుకుని గొంతుక్కూర్చున్నాను. "ఇప్పుడే ముక్కకు, నొప్పి రానియ్యి" అంటూ ఆమె నా ఎదురుగా కూర్చుని నా ముఖమే చూస్తూ ఉంది. డ్యూటీ దిగిపోతున్నానని ఆమె మధ్యలో లేచి వెళ్లలేదు. బిడ్డ పుట్టాక కూడా రోజూ వచ్చి, కాళ్లు చాపుకుని పసిదాన్ని వాటి మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది. నాకు జ్వరం ఉందా, పాలు పడ్డాయా, రక్తం ఎక్కువ పోతోందా అని అడిగేది. ఇప్పుడు కుట్లు విప్పించుకోవడానికి రమ్మని చీటీ రాసిచ్చి పంపడమే తప్ప, బాలింతను అడిగే నాథుడు లేడు.

ఇది చదివి ఇంట్లోనే కనమంటున్నానని అనుకోవద్దు. ఆ రాత్రి బిడ్డ అడ్డం తిరిగి ఉంటే ఆ అవ్వ చెయ్యగలిగేది ఏమీ లేదు. ఎడ్లబండి మీద ఆసుపత్రికి బయల్దేరి దారిలోనే పోయినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. బొడ్డు కొడవలితో కోసి బూడిద అద్దేవాళ్లు. వారం తిరక్కుండానే పసిగుడ్డు ధనుర్వాతంతో బిగుసుకుపోయేది. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయించి పిల్లకు చక్కెర నీళ్లు పట్టించేవాళ్లు. అంత దూరం ఎందుకు, 2001-03లో కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష మంది బిడ్డలు పుడితే 195 మంది తల్లులు చనిపోయేవాళ్లు. 2018-20కి ఆ లెక్క తెలంగాణలో 43కు, ఆంధ్రలో 45కు దిగింది. ఆసుపత్రులు, రక్తం సీసాలు, 108 బండ్లు, ఇంటింటికీ తిరిగే ఆశాలు, ఏఎన్ఎంలు కలిసి సాధించింది అది. వాళ్లందరికీ దండం పెడతాను. పెట్టాక నా ప్రశ్న నేను అడుగుతాను. అందరినీ బండెక్కించి ఆసుపత్రికి పంపారు సరే, పక్కన కూర్చునే ఆ మనిషిని మాత్రం ఊళ్లోనే ఎందుకు వదిలేశారు?

నిజం చెప్పాలంటే ఆమెను మనం ఏనాడూ సరిగ్గా చూడలేదు. మంగలి, చాకలి, మాదిగ ఇళ్ల ఆడవాళ్లే ఎక్కువగా ఈ పని చేసేవాళ్లు. నొప్పులు పడుతున్నంతసేపు ఆమె చెయ్యి వదిలేవాళ్లం కాదు. పురుడు తీరాక ఆమెనే గడప అవతల నిలబెట్టి చేటలో బియ్యం, ఒక పాత చీర ఇచ్చి పంపేవాళ్లం. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే అని సామెత చెప్పుకుని నవ్వుకోవడం తెలుసు కానీ, ఆ పట్టిన చేతికి కూలి ఎంత ఇచ్చామో ఎవరూ లెక్క చూసుకోలేదు. 1977 తరవాత ప్రభుత్వం ఈ మంత్రసానులకు శిక్షణ ఇచ్చి, బ్లేడు, దారం, సబ్బు పెట్టిన కిట్టు చేతికిచ్చింది. ఆసుపత్రి కాన్పులు పెరిగాక ఇక మీ పని లేదు పొమ్మంది.

ఇక ఇప్పటి ముచ్చట. ఈమధ్య మా మనవరాలు కన్నది. ఏ ఆసుపత్రో చెప్పను. నెల తప్పినప్పటి నుంచి స్కానింగులు, రక్త పరీక్షలు, ఇంత లావు ఫైలు. ఆ తొమ్మిది నెలల్లో డాక్టరమ్మ దానితో మాట్లాడిందంతా కలిపినా ఒక పూట కాదు. నొప్పులు రాగానే లేబర్ రూములోకి తీసుకెళ్లి తలుపేశారు. కన్నతల్లి బయట ఇనుప కుర్చీలో కూర్చుంది. లోపల పిల్లకు పొట్ట చుట్టూ బెల్టు బిగించి వెల్లకిలా పడుకోబెట్టారట. కదిలితే గ్రాఫు సరిగా రాదట. నీళ్లు అడిగితే వద్దన్నారట. పొద్దున ఒక నర్సు, మధ్యాహ్నం ఇంకొక నర్సు. ఇద్దరికీ దాని పేరు తెలియదు, "మూడో బెడ్" అని పిలిచారట. భయపడి ఏడిస్తే, ఇంకా ఏమీ కాకుండానే ఈ ఏడుపేంటని కసిరారట. సాయంత్రానికి బయటికి కాగితం వచ్చింది. ఉమ్మనీరు తగ్గింది, పేగు మెడకు చుట్టుకుంది, ఆగితే రిస్కు, సంతకం పెట్టండి. పెట్టక ఏం చేస్తాం? పేగు మెడకు చుట్టుకోవడం నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి ఉండేదేననీ, వాళ్లలో చాలామంది మామూలుగానే పుడతారనీ ఆ క్షణాన మాకు చెప్పిందెవరు? సంతకం తడి ఆరేలోపు మనవరాలి అత్తగారు సిద్ధాంతికి ఫోన్ చేసి ఎన్ని గంటలకు బిడ్డను తీయిస్తే మంచిదో కనుక్కుంది. ఆవిడ సంగతి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

డాక్టర్లను తిట్టి లాభం లేదని కూడా నాకు తెలుసు. తొలి కాన్పంటే పన్నెండు గంటలు పట్టడం మామూలే. ఓపీ, ఆపరేషన్లు, వార్డు అన్నీ చూసుకునే డాక్టరమ్మ ఒక్కరి పక్కన అంతసేపు ఎలా కూర్చుంటుంది? ఏదైనా తేడా వస్తే బంధువులు వచ్చి అద్దాలు పగలగొడతారన్న భయం ఆమెకూ ఉంటుంది. ఆ కూర్చునే పని వేరే మనిషిది. ఆ మనిషి ఉంటే డాక్టరు అవసరమైనప్పుడే వచ్చి, అవసరమైన వాళ్లకే కత్తి పడుతుంది.

ఆ మనిషి మళ్లీ వచ్చింది, అదీ మా కరీంనగర్‌కే. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్లు కలిసి ఇక్కడ 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టారు. ఫెర్నాండెజ్ వాళ్లు 2011 నుంచే తమ దగ్గర మిడ్‌వైఫ్‌లను తయారుచేస్తున్నారు. 2018 డిసెంబరులో కేంద్రం కూడా దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ నర్సు పిల్లలు చేసే పని చూస్తే నాకు ఆ అవ్వే కనిపించింది. నడిపిస్తారు, పెద్ద బంతి మీద కూర్చోబెడతారు, నడుము రుద్దుతారు, పక్కకు తిరిగో గొంతుక్కూర్చునో నీకెలా వీలైతే అలా కనమంటారు. కోత అవసరం లేని వాళ్లకు కింద కోత పెట్టరు. పుట్టిన వెంటనే బొడ్డు కోసేయకుండా నిమిషం ఆగుతారు, బిడ్డను తల్లి గుండెల మీదే పడుకోబెట్టి ముర్రుపాలు పట్టిస్తారు. అవ్వకు తెలియనివి కూడా వీళ్లకు తెలుసు. బిడ్డ గుండె చప్పుడు, తల్లి బీపీ, నొప్పుల తీరు ఎప్పటికప్పుడు కాగితం మీద ఎక్కిస్తారు. గీత దారి తప్పితే డాక్టరును పిలుస్తారు. ఆపరేషన్ థియేటర్ పక్కనే ఉంటుంది. నాకూ కావలసింది ఇదే.

మరి జనం వెళ్తున్నారా? మా వీధిలో అడిగి చూశాను. "సర్కారు దవాఖానకా?" అన్నది ఒకామె. "ఇంత ఖర్చు పెట్టి పెళ్లి చేసినం, పిల్లను నర్సు చేతిల పెడుతమా?" అన్నది ఇంకొకామె. గడప అవతల నిలబెట్టిన బుద్ధి ఎక్కడికీ పోలేదన్నమాట. బ్రిటన్ రాజకుమారి షార్లెట్‌కు 2015లో పురుడు పోసింది మిడ్‌వైఫ్‌లే, డాక్టర్లు అవసరమైతే రావడానికి సిద్ధంగా ఉన్నారంతే అని చెప్పాను. ఆ దేశంలో మామూలు కాన్పులు ఎక్కువగా వాళ్లే చూస్తారని కూడా చెప్పాను. మనోళ్ల పిల్లలు లండన్‌లో కన్నప్పుడు అదే మిడ్‌వైఫ్‌ను పొగుడుతూ ఫోటోలు పంపిస్తారు. ఇక్కడ మాత్రం పెద్ద బిల్లు వేసే ఆసుపత్రే పెద్ద వైద్యమని వీళ్ల లెక్క.

అమ్మాయిలూ, సీమంతానికి చీర వెతికే ఓపికలో సగం దీని మీద పెట్టండి. మీ దగ్గరి ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ ఉందేమో మీ ఆశానో ఏఎన్ఎమ్‌నో కనుక్కోమనండి. నొప్పులప్పుడు అమ్మనో అక్కనో లోపల ఉండనిస్తారా అని అడగండి. సర్కారు ఆసుపత్రుల్లో ఒక తోడు మనిషిని ఉండనివ్వాలని 2016లోనే కేంద్రం చెప్పింది. నడవనిస్తారా, నీళ్లు తాగనిస్తారా, మీ దగ్గర నూటికి ఎన్ని ఆపరేషన్లు అని మొహమాటం లేకుండా అడగండి. బీపీ, షుగరు ఉన్నా, మాయ కిందికి ఉన్నా, బిడ్డ అడ్డంగా ఉన్నా డాక్టరు చెప్పినట్టే వినండి, అక్కడ మిడ్‌వైఫే కావాలని పట్టు పట్టకండి. అప్పుడు కూడా తోడు మనిషిని అడిగే హక్కు మీకుంది. అడిగినందుకు విసుక్కునే చోటు నుంచి ఫైలు పట్టుకుని లేచి వచ్చేయండి. ఇదంతా ఏడో నెలలోపే చెయ్యండి. అప్పటికైతే వేరే చోటు చూసుకోవడానికి రెండు నెలలైనా ఉంటాయి, నొప్పులు మొదలయ్యాక ఎవరూ ఆసుపత్రి మార్చలేరు.