గుండె జారిన వైనం

31 ఏళ్ళు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. వృత్తం, పరావలయం, స్పర్శరేఖ... నిద్రలో లేపి అడిగినా చెబుతాను. లేపకపోయినా చెబుతానని మా ఆవిడ ఫిర్యాదు. అలాంటివాణ్ణి ఒక అట్టముక్క మీద 36 చిల్లులు పెట్టడానికి వారం రోజులు తంటాలు పడ్డాను. ఈ సంగతి బంధువులు ఆవిడ నోట వినేకంటే నా నోట వింటే కాస్తయినా పరువు దక్కుతుందని రాస్తున్నాను.

ఇదంతా మా మనవరాలు బళ్ళో చేసుకొచ్చిన కార్డుతో మొదలైంది. మూలమట్టంలా రెండు గీతలు. ఒక్కోదాని మీద పదేసి చుక్కలు, చుక్కచుక్కకీ చిల్లు. ఇటు ఒకటో చిల్లు నుంచి అటు పదో చిల్లుకి, రెండు నుంచి తొమ్మిదికి, అలా రంగుదారం లాక్కుంటూ పోయింది. ఉన్నవన్నీ తిన్నని దారాలే, కానీ వాటి అంచున నిగనిగలాడుతూ ఒక వంపు తేలింది. పరావలయం!

ఊరుకోవచ్చుగా? "అమ్మలూ, ఈ కుట్టు ఎవరు నేర్పారో తెలుసా?" అని మొదలెట్టాను. మేరీ ఎవరెస్ట్ బూల్ అని ఒకావిడ, 1832లో పుట్టింది. మొగుడు బూలియన్ ఆల్జీబ్రా బూలు. పెదనాన్న వరస జార్జ్ ఎవరెస్టు, ఆ కొండకి పేరిచ్చిన ఎవరెస్టే. ఆయన 1818లో మన హైదరాబాదుకే వచ్చి లాంబ్టన్ దగ్గర సర్వేలో చేరాడు. ఈవిడేమో పిల్లల చేతికి సూదీదారమూ అట్టముక్కా ఇచ్చి, బుర్రకంటే ముందు వేళ్ళకి రేఖాగణితం తెలియాలంది... పిల్ల ఆవలించి, "అయితే నువ్వొకటి చేసి చూపించు తాతయ్యా" అంది.

వచ్చేవారం మా 40వ పెళ్ళిరోజు. చేసి చూపించాల్సింది ఎవరికో అప్పుడే తేలిపోయింది.

వంపు గీతలు మనవరాలి స్థాయి. నేను ఏకంగా హృదయమే కుట్టాలనుకున్నాను. దానికో తేలికైన సూత్రం ఉంది. వృత్తం మీద సమానదూరంలో చుక్కలు పెట్టి, వరసగా అంకెలు వేసి, ప్రతి చుక్కనీ దాని రెట్టింపు అంకెతో కలపాలి. ఒకటిని రెండుతో, రెండుని నాలుగుతో, మూడుని ఆరుతో. దారాల మధ్య కార్డియాయిడ్ అనే గుండె ఆకారం దానంతటదే తేలుతుంది. గ్రాఫు కాగితం మీద టెంప్లేటు గీసి, దాన్ని అట్ట మీద క్లిప్పులతో బిగించి, సూదితో నిలువుగా గుచ్చుకుంటూ పోవడమే. అట్టకి కరువేముంది? అటక మీద మా ఆవిడ దాచిన పాత శుభలేఖలు అరబస్తా ఉన్నాయి.

గుచ్చేటప్పుడు అడుగున మెత్తగా ఏదైనా ఉండాలి. రబ్బరు చెప్పు పెట్టుకోమంది పిల్ల. పెళ్ళిరోజు కార్డుని చెప్పు మీద పెట్టడానికి మనసొప్పలేదు. మూలన మా ఆవిడ యోగా చాప చుట్టి ఉంది. దాని విషయం మళ్ళీ వస్తుంది.

చుక్కలు ఎక్కువైతే వంపు నునుపుగా వస్తుందన్నది సిద్ధాంతం. అందుకని రెండున్నర సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, అయిదేసి డిగ్రీలకొకటి చొప్పున 72 చుక్కలు పెట్టాను. చుట్టుకొలత 16 సెంటీమీటర్లకి లోపే, అంటే చిల్లుకీ చిల్లుకీ మధ్య రెండు మిల్లీమీటర్ల చిల్లర. అంత దగ్గరగా చిల్లులు పొడిచిన కాగితాన్ని పోస్టాఫీసులో స్టాంపుల షీటంటారు. చింపుకోడానికి వీలుగానే అలా పొడుస్తారు. పైగా నా సూత్రంలో సరిసంఖ్య చుక్క ఒక్కోదాంట్లోంచి దారం మూడేసిసార్లు వెళ్ళాలి. మూడోసారి లాగేసరికి పట్‌మంది. ఒక చిల్లు పక్కచిల్లులో కలిసింది, అది ఆ పక్కదాంట్లో. చూస్తుండగానే వృత్తం వృత్తమంతా ఊడి, సగం కుట్టిన గుండె జారి నా ఒళ్ళో పడింది.

రెండో టెంప్లేటుకి బుద్ధొచ్చింది. వ్యాసార్ధం నాలుగు సెంటీమీటర్లు, చుక్కలు 36, ఎడం సుమారు ఏడు మిల్లీమీటర్లు. ఈసారి అట్ట నిలిచింది. చివర్లో 36వ చుక్క దగ్గర చిన్న చిక్కు. దాని రెట్టింపు 72, అంటే ఊరంతా తిరిగి మళ్ళీ 36 దగ్గరికే. కూరలకని బయల్దేరి సంచీ మర్చిపోయి వెనక్కొచ్చే నాలాగ. అక్కడే ముడేశాను. వెనకవైపు కాకిగూడులా తయారైన దారాల మీద, జాకెట్టుకి లైనింగు వేసినట్టు, ఇంకో కాగితం అంటించేశాను.

తిప్పి చూశాను. గుండె తలకిందులుగా ఉంది.

గడియారంలో పన్నెండులాగ 36వ చుక్కని నెత్తిన పెట్టాను. ఈ లెక్కలో ఆ చుక్క వైపు వచ్చేది గుండ్రటి అడుగు. నొక్కు దానికి ఎదురువైపు పడుతుంది. 36 కిందనుండాలి. దారానికి డిగ్రీలు తెలుసు, నాకే తెలియలేదు. కార్డుని తిప్పేస్తే సరిపోను, కానీ కుట్టడానికి ముందే కింద బంగారు స్కెచ్‌పెన్‌తో పెళ్ళిరోజు శుభాకాంక్షలు రాసి, మురిసిపోయి ఉన్నాను.

అలాగే ఇచ్చాను. "ఆపిలా అండీ? బోర్లా పడిందేం?" అంది. సూత్రం వివరించాను. మొత్తం విని, "చుక్కలు పెట్టేముందు నన్నొక మాట అడగలేకపోయారా?" అంది. న్యాయమైన ప్రశ్నే. సంక్రాంతికి ఆవిడ వాకిట్లో 15 నుంచి 8 వరకూ సందు చుక్క ముగ్గు వేస్తుంది. మొత్తం ఎన్ని చుక్కలని నేను శ్రేఢి వేసి 169 అని తేల్చేలోగా, ఆవిడ అన్నీ పెట్టి, మెలికలు చుట్టి, ముగ్గు చిప్ప లోపల పెట్టేసి వస్తుంది. స్కేలు లేదు, కోణమానిని లేదు. చూపుడువేలూ బొటనవేలూ, అంతే.

కార్డుని మాత్రం ఫ్రిజ్ తలుపుకి అంటించింది. గుండె నిలబడేట్టు, అక్షరాలు శీర్షాసనం వేసేట్టు. వచ్చినవాళ్ళందరూ మెడ వంచి చదువుతున్నారు.

మర్నాడు పొద్దున్న బాల్కనీలో యోగా చాప పరిచింది. పరిచినావిడ కూర్చోలేదు. చాపని ఎండకి ఎత్తి పట్టుకుని చూస్తోంది. నేను పేపర్లో వర్గీకృత ప్రకటనలు శ్రద్ధగా చదువుతున్నాను.

"ఏమండీ, దీనికి గుండ్రంగా రెండు వరసల చిల్లులున్నాయి. లెక్కపెట్టాను, సరిగ్గా 108. నా చాప మీద అష్టోత్తరం గానీ చేశారా?"