గుడ్లగూబ గారికి స్వాగతం

తుక్కుగూడలో ఇల్లు కట్టుకున్నవాడికి విమానం ఎక్కే యోగం ఉన్నా లేకపోయినా, ఎక్కించే యోగం, దించుకునే యోగం మాత్రం తప్పవు. 2008 మార్చిలో బేగంపేట విమానాలు శంషాబాద్‌కు మారిన నాటి నుంచి మాకు చుట్టాలు పెరిగారు. 2016లో పక్కనే రావిర్యాల దగ్గర వండర్‌లా తెరిచాక వేసవి చుట్టాలు అదనం. 2023 సెప్టెంబరులో కాంగ్రెస్ వాళ్ళు ఆరు గ్యారెంటీల సభ మా ఊళ్ళోనే పెట్టడంతో, అప్పటిదాకా మా ఊరి పేరు పలకడం రానివాళ్ళు కూడా ఫోన్లు చేశారు. "టీవీలో చూశాం, మీకు ఎయిర్‌పోర్టు పక్కనేనట కదా!" ఆ మాట వినబడిందంటే, అవతలివాళ్ళ విమానం తెల్లవారుజామున మూడింటికని వేరే చెప్పక్కర్లేదు.

అందుకే కిందటి చలికాలం గుడ్లగూబ గారు "అమెరికా నుంచి వస్తున్నానండీ, మీకు దగ్గరే కదా" అని రాస్తే నాకు వింతగా అనిపించలేదు. వింతంతా మా ఆవిడకే.

"ఎవరు ఈయన?"

"నా స్నేహితుడు."

"పేరు?"

"గుడ్లగూబ."

"ఇంటిపేరా?"

కలం పేరు అని చెప్పాను. అసలు పేరు నాకూ తెలియదని మాత్రం చెప్పలేదు. చెబితే ఇంకా చాలా చెప్పాల్సి వస్తుంది.

ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, 2006 తరవాత కొన్నేళ్ళు తెలుగు బ్లాగుల్లో ఒక ఊరికి ఊరే ఉండేది. వీవెన్ గారు లేఖిని అని ఒకటి తయారుచేసి పెట్టారు. అందులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేది. కూడలికి వెళితే ఆ రోజు ఎవరు ఏం టపా వేశారో వరసగా కనబడేది. జల్లెడ, హారం, మాలిక కూడా అలాంటివే. ఆఫీసులో మేనేజరు వచ్చేటప్పుడు ఎక్సెల్, వెళ్ళాక కూడలి. అసలు పేర్లతో రాసేవాళ్ళు లేకపోలేదు. మిగతావాళ్ళలో ఒకాయన పక్షి, ఒకావిడ పువ్వు, ఇంకొకరు వంటింటి సామాను. ఏదైనా సరే, చివర 'గారు' తగిలించడం అక్కడి మర్యాద. అట్లకాడకైనా గారు పెట్టి, 'అండీ' అని పిలిచి, ఆ తరవాతే తిట్టుకునేవాళ్ళం.

గుడ్లగూబ గారు నాకు ఒక ప్రేమ కవిత ద్వారా పరిచయం. లేఖినిలో 'ళ' పడాలంటే షిఫ్టు నొక్కి పెద్ద ఎల్ కొట్టాలి. చిన్న ఎల్ కొడితే 'ల' పడుతుంది. ప్రేమ పొంగిన వేళ ఆయనకు షిఫ్టు అందలేదు. దాంతో ప్రియురాలి కళ్ళు కాస్తా కవిత పొడుగునా కల్లు అయి కూర్చున్నాయి. ఆ కల్లులో ఆయన మునిగిపోయాడట. ఆ కల్లు తలుచుకుంటే రాత్రులు నిద్రే లేదట. కింద వరసగా 'అద్భుతం', 'గుండెను తాకింది' అని కామెంట్లు. నేను పాలమూరు వైపువాణ్ణి, చూస్తూ ఊరుకోవడం కష్టం. "ఏ కాంపౌండ్‌దండీ? తాటిదా, ఈతదా?" అని అడిగాను.

అరగంటలో జవాబొచ్చింది, నలభై లైన్లు. మొదటి లైను 'ధన్యవాదాలండీ'. మిగతావి ఇక్కడ రాయదగినవి కావు. స్నేహం అలా కుదిరింది.

తరవాత ఏళ్ళ తరబడి చదివాను. తెనాలిలో వాళ్ళ నాన్నగారి రేడియో, మేనత్త గయ్యాళితనం, ఆవకాయలో అల్లం వెల్లుల్లి ముద్ద వేసేవాళ్ళ మీద ఆయనకున్న పగ, అన్నీ తెలుసు. మొహం ఒక్కటే తెలియదు. ప్రొఫైలులోనూ గుడ్లగూబ బొమ్మే. హైదరాబాద్ బ్లాగర్లు అప్పట్లో యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో ఆదివారం పూట కలిసేవారు. ముందురోజు రాత్రి కామెంట్లలో కత్తులు దూసుకున్నవాళ్ళు అక్కడ గడ్డిమీద కూర్చుని ఒకే పొట్లంలో పల్లీలు తినేవారు. ఈయన అమెరికాలో ఉండబట్టి ఆ పల్లీల భాగ్యం మాకు దక్కలేదు.

2009 డిసెంబరు 9 రాత్రి ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చిందో లేదో, బ్లాగుల్లో రాష్ట్రం రెండైంది. పార్లమెంటు కంటే మేమే నాలుగేళ్ళు ముందు. ఆయన అటు, నేను ఇటు. మాటలు బంద్. కానీ నా టపాల కింద 'అజ్ఞాత' పేరుతో ఎవరో వచ్చి పొల్లులూ ఒత్తులూ దిద్దిపోవడం మొదలైంది. ప్రశ్న గుర్తుకు ముందు రెండు ఖాళీలు వదిలే మనిషి భూమ్మీద నాకు తెలిసి ఒక్కరే. నేనూ తక్కువ తినలేదు. ఆయన ఆవకాయ టపా కిందకు అజ్ఞాతగా వెళ్ళి, 'మా ఇంట్లో అల్లం వేస్తే ఇంకో ముద్ద ఎక్కువ తింటారు' అని రాసి వచ్చేవాణ్ణి. చివరికి మా కంటే ముందు ఆ అజ్ఞాతలిద్దరూ రాజీపడ్డారు.

ఇక ఎయిర్‌పోర్టు. ఇన్నేళ్ళ తరవాత ఫోటో పంపమని అడగడానికి నోరు రాలేదు. పేరేమిటండీ అనడం అంతకంటే అన్యాయం. పిల్లల డ్రాయింగ్ షీటు తీసి, లావు మార్కరుతో 'గుడ్లగూబ గారు' అని రాసుకుని బయల్దేరాను. అరైవల్స్ బయట రెయిలింగు దగ్గర హోటళ్ళ డ్రైవర్లందరూ చక్కగా అచ్చేసిన ఇంగ్లీషు పేర్లు పట్టుకుని ఉన్నారు. వాళ్ళ మధ్య నేను.

"అన్నా, ఇది కంపెనీ పేరా?" అన్నాడు పక్కనున్న డ్రైవరు.

"మనిషి."

"గారు పెట్టిన్రు, అయితే పెద్దమనిషే" అని తనే సమాధానపడ్డాడు.

పడనిది ఒక ముసలమ్మ. పూలగుచ్ఛం పట్టుకుని మనవరాలి కోసం ఎదురుచూస్తోంది. "పొద్దుగాల పొద్దుగాల ఆ పేరేంది బిడ్డా? నా మనవరాలు పెండ్లయి మొదటిసారి దిగుతున్నది. జర అటు తిప్పు" అంది. తిప్పాను. అటు తిప్పితే అటువైపు చుట్టాలు గొణిగారు. ఆఖరికి దాన్ని సగం చొక్కాలో దాచి, పైకి 'గారు' మాత్రం కనబడేట్టు నిలబడ్డాను.

అంతలో రెండు సూట్‌కేసులు తోసుకుంటూ, మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దాయన నా ముందు ఆగాడు. నేను షీటు పూర్తిగా పైకి లాగాను. చాలాసేపు చూశాడు. నమస్కారం పెట్టి, మెల్లగా, "లావత్తు కొంచెం పక్కకి పోయిందండీ" అన్నాడు.

ఇంక పాస్‌పోర్టు చూపించమనక్కర్లేదు.

కామెంట్లలో నలభై లైన్లకు తగ్గని మనిషి, కారులో 'ఊఁ', 'ఆహా' దాటలేదు. దాటినప్పుడల్లా నేనే అడ్డం పడ్డాను. "మా మేనత్త ఒకసారి..." అని ఎత్తుకుంటే, "బావి దగ్గర గొడవేనా? చదివానండీ." "నాన్నగారి రేడియో ఉందే..." "అది రెండు భాగాలు రాశారు కదా." పాపం ఆయన దగ్గర రాయని సంగతంటూ ఒక్కటీ మిగల్లేదు. కిటికీలోంచి ఔటర్ రింగు రోడ్డు చూస్తూ, ఎగ్జిట్ దాటిపోతే ఎలా అని అడిగాడు. చుట్టూ 158 కిలోమీటర్లు తిరిగొస్తే మళ్ళీ మా 14వ నంబరే వస్తుందన్నాను. చాలాసేపటికి అదొక్కటే కొత్త సంగతి, అదీ నా వైపు నుంచి.

ఇంట్లో మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "అన్నా, మీ పేరేంది?" అంది.

ఆయన చెప్పేశాడు! ఉప్మా ప్లేటు ఖాళీ అయ్యేలోగా ఉద్యోగం, పిల్లల చదువులు, బీపీ మాత్ర రంగు, తమ్ముడితో పొలం తగాదా అన్నీ బయటికొచ్చాయి. వీటిలో ఒక్కటీ ఏ టపాలోనూ లేదు. నేను పక్కన కూర్చుని నా స్నేహితుడి గురించి తెలుసుకున్నాను. ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. బ్యాంకులోనూ విమానంలోనూ తప్ప దాన్ని ఆయన ఎక్కడా వాడడు.

మధ్యాహ్నం భోజనం చేసి తెనాలికి కారెక్కాడు. మూడో రోజుకే టపా వేశాడు. తుక్కుగూడ గాలి బాగుందట, ఆతిథ్యం మరవలేనిదట, ఉప్మా అమోఘమట. చివరి పేరాలో మాత్రం, అంత మంచి ఇల్లాలు ఆవకాయలో అల్లం వెల్లుల్లి ఎలా కలపగలిగిందో ఆలోచిస్తే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదని రాశాడు.

నా బ్లాగు ఏనాడూ తెరిచి చూడని మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. కామెంటు పెట్టడానికి ఖాతా తెరిపించమంది. పేరేం పెట్టాలని అడిగాను. పంచతంత్రం ఆమె కూడా చదువుకుంది.

"కాకి అని పెట్టు" అంది.