స్వహస్తమాత

అమెరికాలో జనవరి మాసము కడముట్టి, వాకిట పేరుకొన్న మంచు తెల్లదనమును కోల్పోయి బొగ్గులబస్తా దులిపిన చోటువలె నల్లబడు వేళకు, అంతవరకు ఉద్యోగము, వంట, బట్టలుతుకు యంత్రము అను ముక్కాలిపీటపై జాగ్రత్తగా కూర్చుండి కాలము గడుపుచున్న ఇల్లాలొకతె హఠాత్తుగా కత్తెర చేతబట్టి, కన్నులలో ఒకవిధమైన తపోదీప్తి వెలుగొందగా, ఇంటిలోని అట్టముక్కల నన్నింటిని పరమార్థదృష్టితో పరికింప నారంభించును. ఈమెకు నేను స్వహస్తమాత యని నామకరణము చేసితిని. అంగడిలో ఐదు డాలర్లకు దొరకు వస్తువును నలువది డాలర్ల సామగ్రి కొనితెచ్చి ఇంట చేయుటయు, చేసిన పిమ్మట "ఏదోనండీ, పిల్లాడే చేసుకున్నాడు" అని పదిమందిలో తేలికగా అనివేయుటయు ఈమెకు ముఖ్యలక్షణములు. ఈ తెగ ఆ దేశమున అన్ని జాతులవారిలోను గలదు గాని, నేను దగ్గరనుండి పరిశీలించినది మాత్రము న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పట్టణములో, మా అమ్మాయి ఇంట. నిజము దాచనేల, మా అమ్మాయినే.

2018 డిసెంబరులో నేనును మా ఆవిడయు ఆరుమాసములు ఉండివచ్చుటకై అక్కడికి వెళ్ళితిమి. ఊరకే కూర్చుండి తినుటకు మనసొప్పక, ఇంటి చెత్త బయటపెట్టు పనిని నేను స్వచ్ఛందముగా నెత్తికెత్తుకొంటిని. మొదటి నెల నిరాటంకముగా సాగినది. ఫిబ్రవరి సమీపించుకొలది నేను పారవేసిన కోడిగ్రుడ్ల అట్టపెట్టెలును, కాగితపు తువాళ్ళ చుట్టలోపలి గొట్టములును, పాలడబ్బా మూతలును చెత్తబుట్టనుండి మాయమై, గారేజిలో వరుసలు దీరి కనబడజొచ్చినవి. "నాన్నా, నన్నడక్కుండా ఏదీ పారెయ్యకు" అని అమ్మాయి ఆజ్ఞాపించెను. నరసాపురములో మా ఇంటి అటకమీద విరిగిన గొడుగులు దాచినందుకు నన్ను ఇరువదియేండ్లు దెప్పిన పిల్ల ఈమెయే.

ఇంతకును సంగతి యేమనగా, మన దేశమున ఫిబ్రవరి 14 అనినంతనే పార్కులలో జంటలును, జంటల వెంట పోలీసులును, పోలీసుల వెంట టీవీ కెమేరాలును గుర్తునకు వచ్చును గాని, అక్కడి చిన్న బడులలో అది పసిపిల్లల పండుగ. ప్రతి బిడ్డయు తన తరగతిలోని ప్రతి బిడ్డకును ఒక చిన్న కార్డు ఇయ్యవచ్చును. ఇచ్చుటకు పూనుకొన్నచో ఒక్కరినైనను విడువరాదు. ఈ కట్టుబాటు లేని రోజులలో కొందరి సంచులు పొంగిపొరలుటయు, కొందరివి వెలవెలబోవుటయు ఉండెడిది. చార్లెస్ షుల్జ్ సృష్టించిన చార్లీ బ్రౌన్ అను కుర్రవాడు 1975 నాటి టెలివిజను బొమ్మల చిత్రములో ఖాళీ పెట్టె పట్టుకొని బడికి పోయి, కార్డులకై ఎదురుచూచి ఎదురుచూచి నీరుగారిపోయిన తీరు చూచినవారికి ఈ కట్టుబాటు ఎందులకు వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు.

మా మనుమని బడినుండియు ఉత్తరము వచ్చెను. తరగతిలో పిల్లలిరువది ఇద్దరు. మనవానిని మినహాయింపగా ఇరువదియొక్కరు, పంతులమ్మ, ఆమెకు సహాయకురాలు, వెరసి 23 కార్డులు. తినుబండారములు కూడదు, వేరుసెనగ పడని పిల్లలున్నారు. కూడదనకున్నను ప్రయోజనము లేదు. అక్షరములు అద్దిన చక్కెర హృదయములను చేసెడి నెక్కో కంపెనీ 2018 వేసవిలో మూతబడుటచే ఆ ఫిబ్రవరికి దాని కొత్త సరుకే రాలేదు. కొనుటకు లేనప్పుడు చేయుటయే దైవసంకల్పమని మా అమ్మాయి నిశ్చయించినది. కార్డులు మాత్రము కొనుటకు కొల్లలుగా నున్నవి గదా యని నేనడుగలేదు. పెండ్లియైన కుమార్తె ఇంట అడుగవలసినవి, అడుగరానివి తెలిసిన వయసు నాది.

మా ఆవిడ మాత్రము ఊరకుండలేదు.

"ఐదేళ్ళ కుర్రాడికి ఇరవై ముగ్గురు వాలెంటైన్లా? ఇదెక్కడి చోద్యమే తల్లీ!"

"అబ్బా, అది కాదమ్మా. పేరంటం అనుకో. వచ్చిన వాళ్ళందరికీ తాంబూలం ఇవ్వమూ?"

పేరంటము పిలుపులలో ఒక్క ముత్తైదువను మరచిన పాపమునకు ఎన్ని తరములు మాటలుండవో మా ఆవిడ ఎరుగును. మారుమాటలేక కొంగు బిగించి బల్లయొద్ద కూర్చుండెను.

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలెను. ఊరకుండలేక నేను గ్రంథాలయమునకు పోయి ఈ కార్డుల పుట్టుపూర్వోత్తరములు చదివివచ్చితిని. మసాచుసెట్స్ రాష్ట్రమున వూస్టర్ పట్టణములో ఎస్తర్ హౌలండ్ అను కన్య 1847లో చదువు ముగించుకొని ఇంటికి వచ్చిన పిదప, ఇంగ్లండునుండి వచ్చిన లేసుకాగితపు కార్డు నొకదానిని చూచి, ఇంతకంటె మిన్నగా నేను చేయగలనని పూనుకొన్నదట. తండ్రిది కాగితముల వ్యాపారము. సోదరుడు ఊరూరు తిరిగి ఆర్డర్లు తెచ్చెను. ఆమె స్నేహితురాండ్రను మేడమీద బల్ల చుట్టు కూర్చుండబెట్టి, ఒకతె బొమ్మలు కత్తిరింప, ఒకతె అడుగుకాగితము పరువ, మరియొకతె లేసు అతికింప, కార్డు చేతినుండి చేతికి సాగిపోవునట్లు ఏర్పాటు చేసినది. 1881లో ఆ వ్యాపారమును విట్నీ అను ఆయనకు అమ్మివేసినది. దేశమంతటికి ప్రేమపత్రములు పంచిన ఆ తల్లి తాను మాత్రము పెండ్లి చేసికొనలేదు. అనగా, చేతితో చేసిన కార్డు అని స్వహస్తమాతలు గుండెకు హత్తుకొను వస్తువు ఆ దేశమున పుట్టుటయే కార్ఖానాలో పుట్టినదని నా భావము. ఈ మాటతో మా అమ్మాయి ఉత్సాహము కొంత చల్లారునని తలచి చెప్పితిని. "భలే ఐడియా నాన్నా!" అని ఆమె ఆ సాయంకాలమే భోజనబల్లను కార్ఖానాగా మార్చి, మమ్ముల నందరిని కూలీలుగా నియమించెను.

మా ఆవిడకు లేసు పని పడినది. మిషనరీ దొరసానులు నేర్పిన కుట్టు తరతరములుగా నిలిచిన నరసాపురపు పిల్ల ఆమె. చూడకయే వేళ్ళతో అల్లగలదు. అంగడినుండి తెచ్చిన లేసుకాగితమును వెలుతురున కెత్తి చూచి, "ఇదేం లేసే, చిల్లులు పొడిచిన కాగితం" అని పెదవి విరిచి, అయినను పని మానలేదు. నాకు కత్తిరింపు వచ్చెను. ఎఱ్ఱకాగితమును మడిచి, మడతవైపున సగము హృదయము గీచి కత్తిరించిన, విప్పునప్పటికి నిండు హృదయము కావలెను. నేను విడివైపున కత్తిరించుటచే ఒక్కొక్కటి రెండు చెక్కలై రాలిపడి, ప్రేమపత్రము లింకను వ్రాయకమునుపే ఏడు హృదయములు భగ్నమైనవి. ఎనిమిదవది చక్కగా కుదిరినది గాని, అలవాటున చేయి ఆగక మరికొంత సాగినది.

"నాన్నా, దీనికి తొడిమ ఎందుకొచ్చింది?"

నా కంటికది మొదటినుండియు తమలపాకుగానే కనబడుచున్నదని ఏమని చెప్పుదును? నన్ను కత్తిరింపు శాఖనుండి తొలగించిరి.

అల్లునికి వేడిబంక తుపాకి ఇచ్చిరి. పెద్ద కంపెనీలో పదిమందిపై అధికారము చలాయించు ఆ పెద్దమనిషి చూపుడువ్రేలు కాల్చుకొని, కుళాయికింద పట్టుకొని, అమ్మాయి వినకుండ నా చెవిలో "మావయ్యగారూ, డబ్బా ఐదు డాలర్లేనండి. ముప్పైకి పైనే ఉంటాయి" అని వాపోయెను. ఆ స్వరములోని దైన్యము నేనిప్పటికిని మరువలేదు. ఆ రాత్రి ఒలికిన చమ్కీపొడి పప్పుచారులో తేలినది, పూజగదిలో మెరిసినది, జూనులో నరసాపురము చేరి పెట్టె తెరచినప్పుడు నా పంచె మడతలనుండి రాలినది.

కార్డు నడుమ పిల్లవాని బొటనవ్రేలిముద్రలు రెండు, ఇటొకటి అటొకటి వాలుగా వేసి కలిపినచో చక్కని హృదయమగును. ఇది మా అమ్మాయి కల్పనలలో కెల్ల శిరోరత్నము. మనుమడు ఎఱ్ఱసిరాలో వ్రేలు ముంచి ఆరు కార్డులు ముగించి, ఏడవదానిపై రాక్షసబల్లి నొకదానిని ముద్రించి, ఎనిమిదవ ముద్రను గోడకు వేసి, సోఫావెనుకకు పారిపోయెను. అమ్మాయి చుట్టును కలయజూచి, నాయందు దృష్టి నిలిపెను. నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగ పనిచేసినవాడను. రాత్రిబడులు పెట్టి, కూలిజనము చేత వ్రేలిముద్ర మాన్పించి సంతకము నేర్పినవాడను. విమానము దిగినచోట అధికారి నా పది వ్రేళ్ళ ముద్రలును గైకొన్నపుడే నా విద్యాగర్వము సగము నశించినది. మిగిలిన సగము ఆ బల్లయొద్ద నశించెను. "బొటనవేలు కాదు నాన్నా, పెద్దదైపోతుంది. చిటికెనవేలు వెయ్యి. మెల్లిగా." పదునేడు కార్డులపై ఐదేండ్ల శిశువుగా నేను ముద్రలు వేసితిని.

ఇక సంతకములు. మనుమని పేరు ఇంగ్లీషున పదమూడు అక్షరములు. నక్షత్రము ప్రకారము పెట్టవలెనని పట్టుబట్టినవాడను నేనే. 23 కార్డులకు 299 అక్షరములు. వాని ప్రక్కబల్ల కుర్రవాని పేరు మూడక్షరములు, అరువదితొమ్మిదితో వాని ఋణము తీరును. మావాడు రెండు కార్డులు వ్రాసి, మూడవదానిలో సగము పేరు వరకు వచ్చి, ఎఱ్ఱవ్రేలు నోటబెట్టుకొని బల్లపైననే నిద్రపోయెను.

రాత్రి పదునొకండు గంటలైనది. అల్లుడు ఉదయమున మీటింగున్నదని జారుకొనెను. నడుమ నడుమ అమ్మాయి ఫోను మ్రోగుచున్నది, తల్లుల వాట్సాప్ బృందములో ఒకరినొకరు "మీరేం చేస్తున్నారు?" అని అడుగుటయు, "ఏం లేదండీ, ఏదో సింపుల్‌గా" అని బదులిచ్చుటయు జరుగుచుండెను. సింపుల్‌గా అనగా ఆ దేశపు తెలుగులో రాత్రి ఒంటిగంట అని అర్థము.

అమ్మాయి కలము తీసి నాలుగవ కార్డుపై తానే పిల్లవాని పేరు వ్రాసెను. ఆమె దస్తూరి ముత్యములవంటిది, దిద్దబెట్టినవాడను నేనే. వ్రాసినదానిని చూచుకొని పెదవి కొరికి ప్రక్కకు త్రోసెను.

"బాగానే ఉందిగా అమ్మా?"

"బాగుంది. అందుకే పనికిరాదు."

పిదప కలమును ఎడమచేతికి మార్చుకొనెను. అక్షరములు వంకరలు తిరిగి, ఒకటి మిద్దె నెక్కగా మరియొకటి నూతిలోనికి దిగి, మిక్కిలి సహజముగా రాజొచ్చినవి. ఐయేఎస్సు చేయవలెనని నేను కలలుగన్న పిల్ల, రెండు దేశములలో పట్టాలు పుచ్చుకొన్న పిల్ల, నాలుక కొన బయటపెట్టి, కనుబొమలు ముడిచి, పలకమీద దిద్దుకొను మొదటితరగతి బాలికవలె వంగి కూర్చుండి ఎడమచేతితో తప్పులు వ్రాయుచుండగా, మా ఆవిడ గ్రుడ్లప్పగించి చూచెను. కొంతసేపటికి అమ్మాయి తలయెత్తి, మిక్కిలి గంభీరముగా, "నాన్నా, నీకు తెలుస్తుంది. పిల్లలు ఏ అక్షరం తిరగేస్తారు?" అని అడిగెను.

ఇన్నాళ్ళకు నా చదువు అక్కరకు వచ్చినది. "ఎస్సు తిరగేస్తారమ్మా. కాని అన్నిచోట్లా తిరగెయ్యకు. నిజం పిల్లాడు ఓచోట తిరగేసి, ఆ పక్కనే సరిగ్గా రాస్తాడు. ప్రతి ఎస్సూ తిరగేసి ఉందంటే పెద్దవాళ్ళు రాశారన్నమాట. హోంవర్కుల్లో అలాగే పట్టుకునేవాణ్ణి" అని చెప్పితిని. ఆమె తలయూపి, రెండు కార్డులు చింపివేసి మరల వ్రాసెను. గడియారము ఒంటిగంట దాటినది.

మరునాటి మధ్యాహ్నము మనుమడు సంచి బోర్లించి, కార్డుల నన్నిటిని కాలితో ప్రక్కకు నెట్టి, వానితో వచ్చిన రెండు పెన్సిళ్ళను, ఒక రబ్బరు సాలెపురుగును, చేతిపై అద్దుకొను బొమ్మ నొకదానిని ఏరుకొని ఆటకు పోయెను. తాను ఇచ్చినవాటి సంగతి యడుగగా "ఇచ్చా" అనెను. అంతకుమించి వాని యొద్ద సమాచారము లేదు.

సాయంకాలము ఆఫీసునుండి వచ్చిన అమ్మాయి కోటైనను విప్పక నేలపై చతికిలబడి, బ్యాంకు గుమాస్తా దొంగనోట్లు వేరుచేయునట్లు, కార్డు లొక్కొక్కటే త్రిప్పి చూడ నారంభించెను. అంగడివి ఒక కుప్ప. ఆకుప్పకు మర్యాదపూర్వకముగా చిన్న నిట్టూర్పు. చేతితో చేసినవి మూడు మాత్రమే తేలినవి. అందులో రెండు నిజముగా పిల్లలవే. ఏది తల, ఏది తోక యని తెలియకుండెను. మూడవది గులాబిరంగు కాగితముపై, ఒక చెవి పెద్దదై మరియొకచెవి చిన్నదైన హృదయము, క్రింద వంకరటింకర అక్షరములు. దానిని దీపమున కెత్తి చాలసేపు చూచినది. మొగమున మెల్లమెల్లగా ఒక వెలుగు వచ్చినది. దూరదేశమున తన ఊరి మనిషి కంటబడినప్పటి వెలుగు.

"నాన్నా, ఇటు చూడు. ఇందులో మూడు ఎస్సులున్నాయి. మూడూ తిరగేసే ఉన్నాయి."

"అయితే?"

"వాళ్ళమ్మ. ఎడమచేత్తో." గొంతు తగ్గించి, "పాపం, చెప్పేవాళ్ళు లేరు కాబోలు" అనెను.

మిగిలినవాటిని సంచిలో వేసి గారేజిలో పెట్టి, ఆ ఒక్కదానిని తెచ్చి, తిరుపతి వెంకన్న బొమ్మగల అయస్కాంతముతో ఫ్రిజ్జు తలుపునకు అంటించెను.