ఆషాఢమాసపు ప్రతిభ

ఆషాఢము ప్రవేశించినదనగా విశాఖపట్టణమునందలి వస్త్రవ్యాపారులు చీరల వెలలను ఒక మెట్టు పైకెక్కించి, ఆ పిమ్మట రెండు మెట్లు దింపితిమని బాకాలూది చాటుటయు, ఆ చాటింపు విని గృహిణులు దుకాణములపై దండెత్తుటయు, ఇంటికి వచ్చిన పిదప చీరకు పెట్టిన ధరను దాచి తగ్గిన ధరను మాత్రము ఇరుగుపొరుగులకు సగర్వముగా చెప్పుకొనుటయు మనమెరుగనివి కావు. సరిగా ఆ దినములలోనే కళాశాలల ప్రవేశములును జరుగుట కేవలము కాకతాళీయమనియే నేను నమ్ముచున్నాను. నా నమ్మకమును చెడగొట్టుటకు ద్వారకానగరమునందలి హోర్డింగులు మాత్రము శక్తివంచన లేక పాటుపడుచున్నవి. ‘ప్రతిభావంతులకు ఏబది శాతము స్కాలర్‌షిప్పు’ అని వానిపై నిలువెత్తు అక్షరములతో నుండును. ప్రతిభ యనగా నెట్టిదో, ఏబది శాతము దేనిలోనో అక్కడ నుండదు. అడుగున నక్షత్రపు గుర్తు వేసి, చీమలు చదువుకొనదగిన అక్షరములతో ‘షరతులు వర్తించును’ అని మాత్రముండును.

విద్యావ్యయమును గ్రహింపగోరువాడు మొదట ఫీజుల పట్టికను పఠింపవలెను. ట్యూషన్ ఫీజు చదువు చెప్పినందుకు. స్పెషల్ ఫీజు ఆ చెప్పిన చదువు సామాన్యమైనది కానందుకు. ల్యాబు ఫీజు ప్రయోగశాల తలుపు తీసినందుకు. పరీక్ష ఫీజు చెప్పిన చదువు అబ్బినదో లేదో యని తామే అనుమానించినందుకు. ఆలస్య రుసుము ఇవన్నియు చూచి తండ్రి క్షణకాలము ఆలోచనలో పడినందుకు. కాషన్ డిపాజిట్టు అనునది తిరిగి ఇచ్చెదమని ప్రమాణము చేసి పుచ్చుకొనబడును. మూడేండ్లు గడచులోపల ఆ రసీదు తప్పిపోవునని ఇచ్చినవారికిని పుచ్చుకొన్నవారికిని ముందే తెలియును. ఇక కట్టకడపటి వరుసలో ‘ఇతరములు’ అని యొక పద్దు గలదు. అది నిర్గుణము, నిరాకారము, సర్వవ్యాపకము. దేనికని అడిగినను ‘ఇది కాదు, ఇది కాదు’ అనుటయే తప్ప ఇదమిత్థమని చెప్పిన గుమాస్తా ఇంతవరకు పుట్టలేదు.

ఈ నగరమున క్రైస్తవ మఠముల చదువు నిన్న మొన్నటిది కాదు. 1846లో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన మిషనరీలు సవాయ్ ప్రాంతమునుండి (అప్పటికి అది ఫ్రాన్సులో కలియలేదు, సార్డీనియా రాజుల యేలుబడిలో నుండెను) విశాఖకు వచ్చిరి. మరుసటి యేటనే పాతపట్టణమున సెయింట్ అలోషియస్ పాఠశాల వెలసెను. అటుపిమ్మట కొలది యేండ్లకే ఆ సవాయ్ లోని అనెసీనుండి సెయింట్ జోసెఫ్ సభకు చెందిన సన్న్యాసినులు తెలుగునేలపై నడుగిడిరి. రేవు తెరచినది 1933లో, ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది 1971లో. అనగా ఓడలకు నిలుచుచోటు గాని, ఇనుమునకు కొలిమి గాని లేనినాడే ఇచ్చట ఆంగ్లవ్యాకరణమునకు బెత్తము గలదన్నమాట. ఆ సన్న్యాసినుల పరంపరలోనివారే 1958లో జ్ఞానాపురమున సెయింట్ జోసెఫ్స్ మహిళాకళాశాలను నెలకొల్పిరి. ఆడపిల్లను కాలేజీకి పంపుటకు పదిమార్లు ఆలోచించు తండ్రులు, అచ్చట సిస్టర్లున్నారు గదా యను ధైర్యముతో ఆలోచన మానుకొనిరి. రైలుస్టేషను ఒకప్రక్క, రేవు బొగ్గుధూళి మరియొకప్రక్క ఉన్నను ఆ పేటనుండి ఎన్ని యిండ్లకు తొలి పట్టభద్రురాలు నడచివచ్చెనో ఆ యిండ్లవారినే యడుగవలెను. ఇంతదనుక వ్యంగ్యమునకు తావులేదు, ఉన్నను వాడను.

తావు దొరకునది లెక్కలపుస్తకమున. సన్న్యాసము పుచ్చుకొన్న ఉపాధ్యాయిని జీతమును ఇంటికి తీసికొనిపోదు. ఆమెకు ఇల్లే లేదు. ఆమె విడిచిన జీతమే వెనుకటి కాలమున వేలకొలది పిల్లలకు ఎవ్వరును పేరుపెట్టని స్కాలర్‌షిప్పు. దానికి దరఖాస్తు లేదు, కటాఫ్ మార్కు లేదు, ఫోటో దిగుట లేదు. క్రమముగా సన్న్యాసినుల సంఖ్య తగ్గి సంసారుల సంఖ్య పెరిగెను. సంసారులకు అద్దె కలదు, పాలవాడు కలడు, పిల్లల ఫీజులును కలవు. కొంతకాలము ప్రభుత్వపు ఎయిడు ఈ భారమును మోసెను. పిదప ఎయిడెడ్ ఖాళీలు నింపుట మానిరి; ఒకే ఆవరణలో ఒక గదిలో ఎయిడెడ్ బి.ఏ., ప్రక్కగదిలో సెల్ఫ్ ఫైనాన్స్ బి.కాం. కంప్యూటర్స్, రెండింటికిని గంట ఒకటే, ఫీజు వేరు. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని తమకు అప్పగించి సొంతకాళ్లపై నిలువుడని ప్రభుత్వము ప్రైవేటు యాజమాన్యములకు ఉపదేశింపగా, తల్లిదండ్రులు వీథిలోకి వచ్చి గగ్గోలు పెట్టిరి. అంతట ఇష్టములేనివారు అంగీకారమును వెనుకకు తీసికొనవచ్చునని అదే యేడు నవంబరులో సెలవిచ్చిరి. సొంతకాళ్లనగా ఎవరి కాళ్లో తల్లిదండ్రులకు ఎవ్వరును బోధింప నవసరము లేకపోయెను.

న్యాయస్థానములు ఈ విషయమున నిద్రించుచున్నవని అనరాదు. మన రాష్ట్రము క్యాపిటేషను ఫీజును 1983లోనే నిషేధించినది. నాటినుండి ఆ పేరుగల ఫీజును ఎవ్వరును పుచ్చుకొనలేదు. 1993లో సుప్రీంకోర్టు, మన రాష్ట్రమే ప్రతివాదిగా నున్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున, వృత్తివిద్యా కళాశాలలకు ఒక చక్కని యేర్పాటు చేసెను: సగము ఫ్రీ సీట్లు, సగము పేమెంట్ సీట్లు, ర్యాంకు గలవాడు ప్రభుత్వపు ఫీజుతో చదువును, లేనివాడు తన ఖర్చుతోబాటు వాని ఖర్చులోను పాలు పంచుకొనును. కాగితముపై ఇది ధర్మరాజు తీర్పువలె నుండెను. 2002లో, టి.ఎం.ఏ. పాయ్ వ్యాజ్యమున, పదునొకండుగురు న్యాయమూర్తులు కూర్చుండి చూడగా తేలినదేమనగా, ఫ్రీ సీటులో కూర్చున్నవాడు పట్టణమున మంచి బడిలో చదివిన కలవారి బిడ్డ, పేమెంటు సీటులో కూర్చున్నవాడు రెండు మార్కులు తక్కువగా తెచ్చుకొన్న పల్లెటూరి బీదవాడు! అనగా మాడుగుల రైతు పొలము తనఖాపెట్టి, సముద్రపుటొడ్డున మేడగలవాని కుమారునకు విద్యాదానము చేసెనన్నమాట. దాతకు ఆ సంగతి తెలియదు. గుప్తదానమునకు ఫలమెక్కువని పెద్దలందురు. ఆ యేర్పాటును కోర్టు త్రోసివేసెను. లాభార్జన కూడదు, ‘సముచితమైన మిగులు’ మాత్రము ఉండవచ్చుననెను. సముచితమెంతయో కొలుచుటకు కమిటీలు పుట్టినవి, పుట్టుచున్నవి.

రాష్ట్రప్రభుత్వపు ఫీజు రీయింబర్సుమెంటు మరియొక పురాణము. దానిని తెచ్చిన రాజశేఖరరెడ్డిగారు విజయవాడ ఆంధ్ర లయోలాలో, జెస్యూటు ఫాదర్ల కళాశాలలో, చదివినవారు కనుక ఫీజు బాధ ఎక్కడ మొదలగునో వారికి తెలిసియే యుండును. పథకము గొప్పది, దానివలన చదువుకొన్నవారు లక్షలు. కాని అంత గొప్ప పథకమును సైతము ప్రతిభ వదలిపెట్టలేదు. 2012లో బి.సి., ఇ.బి.సి. విద్యార్థులకు ఎంసెట్‌లో పదివేలలోపు ర్యాంకు వచ్చినచో ఇంజనీరింగు ఫీజు పూర్తిగను, దాటినచో 35,000 రూపాయలు మాత్రమును ఇచ్చుటకు నిర్ణయించిరి. పదివేలవవాడు ప్రతిభావంతుడు, పదివేల ఒకటవవాడు, ఒక్క బిట్టు దగ్గర పెన్సిలు జారినవాడు, తండ్రి చేత అప్పు చేయింపవలసినవాడు. ప్రతిభకు సరిహద్దురాయి ఇంత నిక్కచ్చిగా పాతిన సర్వేయరు ప్రపంచమున మరియొకడు లేడు. ఆపైని ప్రభుత్వములు పేరులు మార్చినవి, ఖాతాలు మార్చినవి. ఒకప్పుడు కళాశాల ఖాతా, ఒకప్పుడు తల్లి ఖాతా. బకాయి యను ధాతువు మాత్రము మారలేదు. ప్రభుత్వము కళాశాలకు బాకీ, కళాశాల అధ్యాపకునకు బాకీ. ఈ గొలుసులో చిట్టచివర నిలుచున్న విద్యార్థిని సర్టిఫికేట్లు మాత్రము బీరువాలో భద్రముగా నుండును. 2024లో ఉక్కు కర్మాగారమున జీతములు విడతలుగా వచ్చినవి. ప్రభుత్వపు ఫీజును విడతలుగానే వచ్చును. విడతలు పనికిరాని స్థలము ఈ నగరమున ఒక్క కళాశాల కౌంటరు మాత్రమే.

కేంద్రప్రభుత్వపు ప్రతిభా వేతనమును మరచితిననుకొనకుడు. ఇంటరు బోర్డులో ఎనుబదవ పర్సెంటైలు దాటి, కుటుంబపు ఆదాయము నాలుగున్నర లక్షలు దాటకయున్నచో దేశమంతటను ఏటేట 82,000 మందికి డిగ్రీలో సంవత్సరమునకు 12,000 రూపాయలు దొరకును. మార్కు పైకి పోవలెను, ఆదాయము పైకి పోరాదు. ఈ కత్తిమీది సాము చేయగలిగినచో నెలకు వేయిరూపాయలు. ఐతే వేరొక ఫీజు రాయితీ పుచ్చుకొన్నవారు దీనికి అర్హులు కారు. బీదరికము ఒక కౌంటరులో, ప్రతిభ ఒక కౌంటరులో. ఒకే పిల్ల రెండు కౌంటర్ల యొద్ద నిలువరాదు.

ఇట్లుండగా మా బంధువర్గములో బాబాయి యొకడు కలడు. పెదగంట్యాడ దగ్గరి భూమి నిచ్చి నిర్వాసితుల ఆర్-కార్డు పుచ్చుకొని, ఆర్-కార్డు చూపి ఉక్కులో ఉద్యోగము పుచ్చుకొన్న మనిషి. ఏది యిచ్చిన ఏది వచ్చునో లెక్క తెలిసినవాడు. ఆయన కుమారుడు ఇంటరు ముగింపగానే అమెరికాలోని యొక కాథలిక్ విశ్వవిద్యాలయమునుండి అభినందనపత్రము వచ్చెను. చదువునకు ఏటికి ఏబదివేల డాలర్లు. కుమారుని విశేషప్రతిభను గుర్తించి అధ్యక్షుల పేరిట ఇరువదిరెండు వేల డాలర్ల స్కాలర్‌షిప్పు.

“ఏటి బాబూ, సూసేవా! మావోడికి ఇరవై రెండు వేల డాలర్లు ఇస్తన్నారంట!” అని పత్రమును నా యెదుట పరచెను.

“ఇవ్వట్లేదు బాబాయ్, పుచ్చుకోవడం మానుతున్నారు.”

“మరి మిగతా ఇరవై ఎనిమిది వేలు?”

“అది నువ్వు కట్టాలి.”

“ఫాదర్ల కాలేజీ కదేటి, ధర్మం సేస్తారనుకున్నాను.”

ఆయన ఆశ నిరాధారము కాదు. అమెరికాలోని కాథలిక్ విశ్వవిద్యాలయములైన జార్జ్‌టౌన్ 1789లోను, నోటర్ డామ్ 1842లోను పుట్టినది ధర్మబుద్ధితోనే. కాని అచ్చటను మఠవాసులు తగ్గిరి, జీతగాండ్రు పెరిగిరి, వెలయు పెరిగెను. ప్రకటించిన వెలను పూర్తిగా చెల్లించువారు నేడు అమెరికాలోని ప్రైవేటు కళాశాలలలో తక్కువ. అచ్చటి ప్రైవేటు కళాశాలలు మొదటియేడు విద్యార్థులకు ట్యూషనులో సగటున సగమునకు మించి తగ్గించుచున్నవని కళాశాలల కోశాధికారుల సంఘమే ఏటేట ప్రకటించుచున్నది. అందరికిని సగము తగ్గించు బదులు వెలనే సగము చేయరాదా యని అడుగువానికి వ్యాపారము తెలియదు. వెల తగ్గించినచో చవుక కాలేజీ. వెల నిలిపి స్కాలర్‌షిప్పు ఇచ్చినచో గొప్ప కాలేజీలో గొప్ప కుమారుడు. నిజముగా ఎంత పడునో తెలుపు గణనయంత్రమును తమ వెబ్‌సైటులో పెట్టవలెనని 2011నుండి అచ్చటి చట్టము కళాశాలలను నిర్బంధించుచున్నది. ఒహయో రాష్ట్రమున డేటన్ విశ్వవిద్యాలయము వంటి కాథలిక్ సంస్థ నాలుగేండ్ల లెక్కను మొదటనే చెప్పు పద్ధతిని కూడ తెచ్చినది. మన బాబాయికి ఆ గణనయంత్రము పనికిరాదు, అది స్వదేశీయుల ప్రభుత్వ సహాయమును కూడ కలిపి లెక్కించును, విదేశీయునకు ఆ సహాయము లేదు.

ద్వారకానగరములోని కన్సల్టెన్సీకి నేనును వెంట పోయితిని. అచ్చటి అమ్మాయి చిరునవ్వుతో వీసాకు కావలసిన ఐ-20 పత్రము సంగతియు, బ్యాంకులో చూపవలసిన సొమ్ము సంగతియు, ఏడున్నర లక్షలు దాటిన అప్పునకు తనఖా పెట్టవలసిన సంగతియు, హాస్టలు, భోజనము, బీమా స్కాలర్‌షిప్పులో చేరవను సంగతియు ఒక్క ఊపిరిలో చెప్పెను. బాబాయి అంతయు విని అడిగినది ఒక్కటే.

“అమ్మా, ఈడి పక్కన కూకునేవోడికి ఎంత తగ్గించేరు?”

“అది కాన్ఫిడెన్షియల్ సార్.”

“మరి పేకింగు మీద ఎమ్మార్పీ ఎందుకు రాసేరమ్మా?”

ఆమె చిరునవ్వు చెక్కుచెదరలేదు. ఏటేట గ్రేడు మూడు పాయింట్లకు దిగకున్నచో స్కాలర్‌షిప్పు కొనసాగునని, ట్యూషను మాత్రము ఏటేట కొంచెము పెరుగుట ఆచారమని, స్కాలర్‌షిప్పు పెరుగు ఆచారము లేదని వినయముగా విన్నవించెను. గాజువాక ఫ్లాటు తనఖాకు పోయెను.

పత్రము మాత్రము లామినేషను చేయించుకొని బాబాయి యింటి ముందరిగదిలో వ్రేలాడుచున్నది. కుమారుడింకను విమానమెక్కకమునుపే పెండ్లిళ్ల పేరయ్య యొకడు వచ్చి దానిని నిలువునను అడ్డముగను చదివి, లెక్క వేసి, కట్నము అంకెను ఒక మెట్టు పైకెక్కించెను. పిల్లవానికి తగ్గిన ఇరువదిరెండు వేల డాలర్లు పిల్లదాని తండ్రికి పెరుగునట్లు కూడికకు దిగి, పెన్ను ఎత్తి, ఒక్క సందేహము మాత్రము అడిగెను:

“స్కాలర్‌షిప్పు ఫుల్లా బాబూ, పార్షియలా?”